వాలుగ దవడ ఇచ్చేసిన ఏడాది

మొన్న మా పక్కింటావిడ వచ్చి కూర్చుని కూతుర్ని తెగ పొగిడింది. పిల్లకి పదహారేళ్ళు. "ఈ మధ్య ఎంత బుద్ధిమంతురాలయిపోయిందో అండీ! అల్లరి లేదు, ఎదురు మాట లేదు, ఆ ఫోను కూడా పట్టుకోవడం మానేసింది. తన గదేదో తను, తన లోకమేదో తను. పెడితే తింటుంది, లేకపోతే అదీ లేదు" అంది. ఆవిడ మురిసిపోతూ చెబుతోంది. నేను చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"రేపే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళు" అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుంది. పిల్ల బాగుపడిందంటే ఓర్వలేని ముసలిదాన్ని అనుకుని ఉంటుంది. అనుకోనీ. పట్టు వదలకుండా పోరి పోరి చివరికి పంపించాను. ఇప్పుడు దానికి పేరుంది, డిప్రెషన్ అంటున్నారు. మందులున్నాయి, కూర్చోబెట్టి మాట్లాడించే డాక్టర్లున్నారు. మంచిదే, నేనేం కాదనను. నా పదహారో ఏట మా ఊళ్ళో ఇవేవీ లేవు. నాకు మా మేనత్త ఉండేది.

మాది పొందూరుకి కూతవేటు దూరంలో ఉన్న చిన్న పల్లె. అరవైల చివరి సంవత్సరాల మాట ఇది. నాన్న వరి పండించేవాడు. ఇంట్లో ఆడవాళ్ళం నూలు వడికేవాళ్ళం. మా వీధికి తెల్లారేది రాట్నాల రొదతోనే. చల్దన్నం తిని, లేదంటే ఇంత చోడంబలి, అంటే రాగి అంబలి, తాగి, ఎవరి అరుగు మీద వాళ్ళం రాట్నం ముందేసుకుని కూర్చునేవాళ్ళం. గాలిలో ఎప్పుడూ పత్తి నలుసులు ఎగురుతుండేవి. మా ఇళ్ళల్లో పప్పులో కూడా పత్తి తగిలేది. బయటి ఊళ్ళ చుట్టాలు ఏరి పక్కన పెట్టుకునేవారు, మేం అది కూడా పప్పే అన్నట్టు తినేసేవాళ్ళం.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ముందు ఆ అరుగులే కనిపిస్తాయి. ఎదురరుగు మీంచి ఇవతలి అరుగుకి కబుర్లు, ఎకసెక్కాలు, అలకలు. చెయ్యి ఆగేది కాదు, నోరూ ఆగేది కాదు. కొండల వైపు ఏవో గొడవలని మగవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఆ కొండల నుంచి ఈసారి పత్తి దిగుతుందా లేదా అన్నదొక్కటే మా ఆడవాళ్ళ బెంగ.

మా నూలు సన్నదనానికి పేరు. ఆ సన్నదనమంతా చేప దవడలో ఉంది. వాలుగ అని ఏటి చేప ఒకటుంటుంది. దాని దవడ నిండా ఇసుక రేణువులంత పళ్ళు, దువ్వెన పళ్ళ కన్నా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ ఎముకని ఎండబెట్టి, చిన్న కర్రముక్కకి దారంతో కట్టుకుని, గింజ మీదున్న పత్తిని దాంతో దువ్వుతాం. చెత్తా నలుసూ రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకి వాలి పడుకుంటాయి. గింజ తీయడం, ఏకులు చుట్టడం, వడకడం అన్నీ ఆ తర్వాత సంగతి. చేపలమ్మే ఆవిడ గంపలో దవడలు తెచ్చిన రోజు మా వీధిలో తొక్కిసలాటే. ఒక్కో దవడనీ ఎండలోకి ఎత్తి, పళ్ళ మీద వేలు రాసి, పత్తి పోగు లాగి చూసి గానీ కొనేవారు కాదు.

ఎవరి దవడ వాళ్ళదే. ఉప్పు అరువిస్తారు, పప్పు అరువిస్తారు, పెళ్ళికెళ్ళడానికి మెడలో గొలుసు కూడా తీసి ఇస్తారు. దవడ మాత్రం కన్నకూతురు అడిగినా ఇవ్వరు. ఒక చేతి వాటానికి అరిగిన పళ్ళు ఇంకో చేతిలో పడితే పత్తిని తెంపేస్తాయని మా వాళ్ళ నమ్మకం. నా దవడ నాకు పన్నెండో ఏట దొరికింది. దాని కర్రకి ఎర్రదారం చుట్టుకున్నాను. రాత్రి పడుకునేటప్పుడు తలగడ కింద పెట్టుకునేదాన్ని. నా చేతి నూలు వీధిలోకెల్లా సన్నంగా వచ్చేది. ఆ సంగతి నాకు తెలుసు, దాంతో నాకు పొగరు కూడా ఉండేది.

మా మేనత్త నాన్నకి అక్క. ఊళ్ళోనే ఇచ్చారు, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల కాపురం. మావ నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వాటా కూడా కలిపి అత్తే మాట్లాడేది. పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లల్లేరు. ఆ మాట ఆవిడ ముందు ఎత్తే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు. ఒకసారి ఎవరింట్లోనో పేరంటంలో ఆవిడకి బొట్టు పెట్టడానికి ఆ ఇంటావిడ చెయ్యి తటపటాయించిందట. అత్త చేతిలో పళ్ళెం అక్కడే దించేసి వచ్చేసింది. ఆ గడప మళ్ళీ తొక్కలేదు.

ఆవిడకున్న రెండో బాధ నూలు. పుట్టింది నూలు వడికే ఇంట్లో, మెట్టింది నూలు వడికే ఇంట్లో, చెయ్యి మాత్రం ముతక. ఎంత ఓపిగ్గా దువ్వినా, ఎంత మెల్లిగా లాగినా పోగు లావుగానే వచ్చేది. ఖాదీ వాళ్ళ ఆఫీసుకి నూలు చిలపలు, అంటే చుట్టిన నూలు కట్టలు, ఇవ్వడానికి వెళ్ళేటప్పుడు అందరూ చేతిలో పట్టుకెళ్తే, ఈవిడ పమిట కింద దాచుకుని వెళ్ళేది. నేనొక్కదాన్నే ఆవిడతో ఆ విషయం మాట్లాడేదాన్ని. మాట్లాడ్డమంటే ఏడిపించడమే.

"అత్తా, నీ నూలు గేదెకి కట్టుకోవచ్చు" అనేదాన్ని.

"నోరు మూసుకోయే గుంటా! నీ నోటికి కడతాను, సూడు!" అని రాట్నం వదిలేసి మీదకొచ్చేది.

గుంట అంటే మా వైపు ఆడపిల్ల. పొద్దున్న మొదలయిన తగువు మధ్యాహ్నం భోజనాలకి ఆగి, తిన్నాక మళ్ళీ అందుకునేది. నా దవడ ఎత్తుకుపోయినట్టు నటించడం ఆవిడకి ఇష్టమైన ఆట. "ఇయ్యే! నా దవడ ఇచ్చీయ్!" అని వీధంతా వెంటపడి, జుట్టు పట్టుకుని లాక్కునేదాన్ని. నాయనమ్మ, అంటే అత్తకి కన్నతల్లి, ఇద్దర్నీ కలిపి తిట్టేది. అమ్మ నవ్వుకునేది. ఆ తగువుల్లో ఎంత సుఖముందో అప్పుడు తెలియలేదు.

అది ఎప్పుడు మొదలయిందో చెప్పలేను. వరి కోతలయ్యాయి, నూర్పులయ్యాయి. నాకు మాట్లాడాలనిపించడం మానేసింది. కారణమేమిటని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. చదువు మాన్పించారనా? స్నేహితురాలు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిందనా? ఎవరైనా ఏమైనా అన్నారా? ఆ ప్రశ్నలు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. చదువు మాన్పించిన మాట నిజమే, స్నేహితురాలు వెళ్ళిపోయిన మాటా నిజమే. ఆ రెండూ మా వీధిలో ఆడపిల్లలందరికీ జరిగాయి, వాళ్ళంతా నవ్వుతూనే తిరిగారు. నాకు మాత్రం పొద్దున్న లేచేసరికి ఒంటి మీద తడి గోనెసంచి కప్పినట్టుండేది. దాన్ని మోసుకుంటూ లేవాలి, మోసుకుంటూ మొహం కడుక్కోవాలి. తినేది ఏదైనా ఒకే రుచి, అంటే ఏ రుచీ లేదు. ఏడుపు వచ్చినా బాగుండేది. అదీ వచ్చేది కాదు.

చెయ్యి మాత్రం ఆడేది. అదే నా కొంప ముంచింది. రాట్నం ముందు కూర్చుంటే ఎవరూ పలకరించరు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అందుకని పొద్దున్న కూర్చుంటే చీకటి పడేదాకా లేచేదాన్ని కాదు. తల ఎత్తకుండా, పక్కకి చూడకుండా అంతంత సేపు కూర్చుంటే పోగు ఎంత సన్నంగా వస్తుందో మీరే ఊహించుకోండి. నా జన్మలో అంత మంచి నూలు ముందూ వడకలేదు, తర్వాతా వడకలేదు.

మా ఊళ్ళో మనిషి ఎలా ఉందో తెలుసుకోవడానికి మొహం చూడరు, నూలు చూస్తారు. కొత్తకోడలికి అత్తారింట్లో బాధలుంటే పోగు తెగుతుందంటారు. జ్వరం వచ్చేముందు ముడులు పడతాయంటారు. మా నాయనమ్మ చిలప చేతిలోకి తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, "నీకు రాత్రి నిద్ర నేదే" అని చెప్పేసేది. చాలాసార్లు నిజమయ్యేది కూడా. అలాంటి నాయనమ్మ నా చిలప ఎండలోకి ఎత్తి చూసి, వీధి వీధంతా వినేలా అంది.

"ఓలమ్మ, సూడండే! సాలిగూడులాగున్నాది. నా మనవరాలికి కుదురొచ్చేసింది!"

అంతే, ఇక అందరికీ నేను ఆదర్శమైపోయాను. ఎదురింటి అమ్మ తన కూతుర్ని తిడుతూ, "ఆ పిల్లని సూసి నేర్చుకోయే, మాటంటే మాట వినపడదు" అనేది. నాన్న సంతకెళ్తే నాకు గాజులు తెచ్చాడు. అమ్మ, పాపం, నేను అన్నం వదిలేస్తే పెద్దదాన్నయ్యాను, తిండి యావ తగ్గింది అనుకుంది. వాళ్ళు మెచ్చుకుంటున్న కొద్దీ నేను ఇంకా లోపలికి పోయాను. నేను మాయమవుతుంటే అందరికీ నచ్చుతోంది, పూర్తిగా మాయమైతే ఇంకా బాగుంటుంది కాబోలు అనిపించేది. మొదట్లో చచ్చిపోవాలని కాదు, ఊరికే లేకుండా పోతే హాయిగా ఉంటుందనిపించేది. పోను పోను ఆ రెండూ ఒకటే అయిపోయాయి. ఇది నోరు విప్పి చెప్పడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

అత్తకి మాత్రం నా కుదురు మొదట్నుంచీ నచ్చలేదు. రోజూ వచ్చి గిల్లేది. "ఏటే, పొగరెక్కిందా? మాటాడవేటి?" అనేది. నేను తల ఊపేదాన్ని. తన చిలప తెచ్చి నా కళ్ళ ముందు ఆడించేది. చూసి మళ్ళీ రాట్నం తిప్పుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం అందరూ అరుగుల మీదుండగా వచ్చి, నా పక్కనున్న దవడ తీసేసుకుని, "ఇది నాదే ఇంక. ఇయ్యను" అంది. నేను లేస్తానని, జుట్టు పట్టుకుంటానని కాచుక్కూర్చుంది.

"ఉంచుకో అత్తా" అన్నాను. "నాకెందుకు ఇంక."

 అత్త నవ్వుతున్న మొహం నవ్వుతున్నట్టే ఉండి, కళ్ళు మాత్రం మారిపోయాయి. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చాలాసేపు చూసింది. అన్ని నెలల్లో నా నూలు వదిలేసి మొహం చూసిన మొదటి మనిషి ఆవిడే.

తిన్నగా లోపలికెళ్ళి మా అమ్మనీ నాయనమ్మనీ నిలదీసింది. అరుగు మీద నాకు అన్నీ వినిపించాయి.

"దవడ ఇచ్చేసిందే! ఉంచుకోమంది! మీకేటి కళ్ళు నేవా? గుంటకి ఏదో అయిపోయింది."

"ఏటవుద్ది?" అంది నాయనమ్మ. "నూలు సూడు. ఒంట్లో బాగోనోళ్ళు వడికే నూలేటి అది? నీకు సేతకాదు, దానికి వస్తంది. అదీ నీ ఏడుపు."

అత్త ఆ మాటని పట్టించుకోనే లేదు. మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరేసేది. అమ్మ మాత్రం మెల్లిగా, "వదినా, నిజంగా ఏటైనా అయిందంటావా?" అని అడిగింది. అత్తకి మాత్రం ఏం తెలుసు? ఆవిడకి తెలిసిన వైద్యాలన్నీ మొదలుపెట్టింది. ఎండుమిరపకాయలు ఉప్పూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. అమ్మవారికి మొక్కుకుంది. ఎవరో తాయెత్తు ఇస్తారంటే మావని ఎండలో పంపి తెప్పించి నా చేతికి కట్టింది. నాన్నని సాధించి శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించింది. ఆయన నాలుక చాపమని, కళ్ళు లాగి చూసి, రక్తం తక్కువని ఎర్రటి టానిక్కు రాసిచ్చాడు. అది తాగితే పళ్ళు నల్లబడ్డాయి గానీ ఇంకేం కాలేదు. ఆవిడ పడ్డ పాట్లు తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఏ తలుపు తట్టాలో తెలియని మనిషి కనిపించిన ప్రతి తలుపూ తట్టింది.

దవడ అత్త దగ్గరే ఉండిపోయింది, నేను అమ్మ దువ్వి ఇచ్చిన పత్తి వడుకుతున్నాను. ఇంతలో నా కుదురు సంగతి ఊరు దాటిపోయింది. కోటబొమ్మాళి అవతల ఒక ఊరి నుంచి సంబంధం వచ్చింది. పొలం పుట్ర ఉన్న ఇల్లు, బుద్ధిమంతుడని పేరున్న అబ్బాయి. నాన్న ఆనందానికి పట్టపగ్గాల్లేవు. నన్ను అడిగారు. నేను సరేనన్నాను. ఏది అడిగినా సరేననే రోజులవి. నన్ను నూతిలోకి దిగమన్నా సరేననేదాన్ని, అదే భయం వేసి ఉంటుంది మా అత్తకి. నాన్నని పక్కకి పిలిచి, "ఒరే, ఇప్పుడొద్దురా, ఒక్క ఏడాది ఆగు" అని బతిమాలింది. తన ఊళ్ళో తనవాళ్ళ మధ్యనే ఇలా ఉన్న పిల్ల, ముక్కూ మొహం తెలియని ఇంట్లో ఏమైపోతుందని అడిగింది. నాన్న వినలేదు. పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయన్నాడు.

వేసవిలో వాళ్ళు చూపులకొచ్చారు. అబ్బాయి తల్లి, మేనమామ, ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు. మా వైపు పిల్లని పాట పాడమని అడిగేవారు కాదు, నూలు చూపించమనేవారు. నాయనమ్మ నా చిలపలు ఇత్తడి పళ్ళెంలో పెట్టి తెచ్చింది. అబ్బాయి తల్లి ఒకటి తీసి, రెండు వేళ్ళతో రాసి, కళ్ళు పెద్దవి చేసింది. నన్ను ఏదో అడిగింది. నేను తల ఊపాను. "పిల్లకి నోరే నేదు, మాకలాటి పిల్లే కావాల" అని మురిసిపోయింది. నేను చాప మీద కూర్చుని ఆ చాప అల్లిక చూస్తున్నాను. నా గురించి మాట్లాడుకుంటున్నారన్న ధ్యాస కూడా లేదు. తాంబూలం పళ్ళెం బయటికొచ్చింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ అత్త ముందుకొచ్చింది.

"ఆగండి. ఈ సంబంధం కుదరదు" అంది. "దీనికి మేనరికం ఉన్నాది. నాను దీని మేనత్తని. నా కొడుక్కి సేసుకుంతాను."

మేనత్త కొడుకు ఉంటే, అతనిదే మొదటి హక్కు. మేనత్త వద్దంటేనే పిల్ల బయటి సంబంధానికి వెళ్ళేది. అందుకని వచ్చినవాళ్ళు మర్యాదగానే ఆగారు. నాన్న కూర్చున్న చోటి నుంచి సగం లేచాడు. అబ్బాయి మేనమామ మా అత్త వైపు తిరిగి, "అలగా? మాకు సెప్పనేదే. మీ అబ్బాయేటి సేత్తన్నాడమ్మా?" అని అడిగాడు.

"ఏటీ సెయ్యడు" అంది అత్త. "ఇంకా పుట్టనేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత కిటికీ దగ్గర గుంపుగా నిలబడ్డ వీధి ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. అది పాకింది. వచ్చినవాళ్ళు కూడా నవ్వారు, ఆ నవ్వులోనే మొహాలు ముడుచుకున్నాయి. పిల్లల్లేరన్న మాట తన ముందు ఎవరైనా ఎత్తితే ఆ గడప తొక్కడం మానేసే మనిషి, నలుగురిలో నిలబడి తన ఖాళీ ఒడిని తనే చూపించింది. నవ్వనీ అని నిలబడింది. పమిట చెంగు నడుముకి బిగించుకుని, తల ఎత్తుకునే నిలబడింది. నాయనమ్మ ఒక్కతే నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగిపోయింది.

ఇంటి ఆడపడుచే అడ్డం నిలబడ్డ ఇంట్లో పిల్లని ఎవరు చేసుకుంటారు? వాళ్ళు తాంబూలం ముట్టకుండా లేచిపోయారు. నాన్న అత్తని గుమ్మం దాటి రావద్దన్నాడు. ఊరంతా ఆవిడకి మతి చలించిందన్నారు. "పుట్టనోడు బాగున్నాడా?" అని పిల్లలు కూడా వెనక నుంచి అరిచేవారు.

పెద్దయ్యాక ఒకసారి అత్తని అడిగాను. పిల్లకి ఒంట్లో బాగోలేదని చెబితే సరిపోయేది కదా, ఎందుకంత పని చేశావని.

"సెప్పితే నిన్ను పిచ్చిదనీవోరే. ఆ పేరు పడితే సచ్చినా పోదు. నాకా, గొడ్రాలన్న పేరు ఎలాగూ ఉన్నాది. దాని పక్కన పిచ్చిదన్న పేరు ఇంకోటి. ఏటి బరువు?" అంది, వక్క కొరుక్కుంటూ.

గుమ్మం దాటి రావద్దన్నాడు కదా నాన్న, అత్త దాటలేదు. మర్నాడు పొద్దున్నే తన రాట్నం నెత్తిన పెట్టుకుని వచ్చి, మా అరుగు మీద, నా పక్కన దించింది. అరుగు గుమ్మానికి ఇవతలే కదా అంది. నాన్న మొహం తిప్పుకుని పొలానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆవిడ చోటు అదే.

నన్ను మాట్లాడమని అడగలేదు. ధైర్యం చెప్పలేదు. బాగా తినమనలేదు. దిగదుడవడాలూ తాయెత్తులూ కూడా కట్టిపెట్టేసింది. ఊరికే పక్కన కూర్చుని వడికేది. పళ్ళెంలో ఇద్దరికీ కలిపి అన్నం పెట్టుకొచ్చి, తను తింటూ మధ్యలో నాకో ముద్ద పెట్టేది, నేను తింటే సరే, లేకపోతే తనే తినేసేది. సాయంత్రం కాగానే, "రాయే, కాళ్ళు పట్టేసినాయి" అని చెయ్యి పట్టుకుని ఏటి ఒడ్డు దాకా నడిపించేది. దారిలో కనిపించిన ప్రతివాళ్ళ గురించీ చెడ్డగా చెప్పేది. వినాలనిపించకపోయినా వినపడేది. రాత్రి నా మంచం పక్కన అమ్మ చాప వేసుకుని పడుకోవడం కూడా అప్పుడే మొదలయింది. అత్త చెప్పిందనుకుంటాను, అమ్మ ఎప్పుడూ ఒప్పుకోలేదు.

కొన్నాళ్ళకి నాయనమ్మ కూడా మారింది. నా చిలపలు ఎండలోకి ఎత్తి చూడ్డం మానేసింది. పొద్దున్న లేవగానే నా దగ్గరకొచ్చి, ముసలి చేత్తో నా మొహం తడిమి చూసుకుని వెళ్ళేది. 

ఒక్క రోజులో బాగుపడిపోయానని చెబితే అబద్ధమవుతుంది. వానలు పడ్డాయి, నాట్లు వేశారు, నేను అలాగే ఉన్నాను. ఒక రోజు గోనెసంచి కాస్త తేలికైనట్టుండేది, మర్నాడు మళ్ళీ రెట్టింపు బరువు. తర్వాతి ఏళ్ళలో కూడా అది ఒకటి రెండు సార్లు వచ్చి వెళ్ళింది. అప్పటికి దాని మొహం నాకు తెలుసు, ఎవరి పక్కన కూర్చోవాలో కూడా తెలుసు.

అత్త నూలు మాత్రం రోజురోజుకీ ఘోరంగా తయారవుతోంది. ముందు ముతకగా ఉండేది, ఇప్పుడు చూడ్డానికే భయంగా ఉంది. అదీ ఎక్కడ? వీధి మొత్తం చూసేలా, మా అరుగు అంచు మీద, ఊళ్ళోకెల్లా సన్న నూలు వడికే పిల్ల పక్కన. పమిట కింద దాచుకునే మనిషి ఇప్పుడు చిలపలు తీసి అందరికీ కనపడేలా కొయ్యకి తగిలించేది. ఖాదీ వాళ్ళు పుచ్చుకోకుండా తిప్పి పంపేవారు. మర్నాడు మళ్ళీ అలాంటిదే వడికేది. ఒక్కో పోగు లాగి, నా కళ్ళ ముందు పెట్టి, ఏమైనా అంటానేమోనని ఓరగా నా వైపు చూసి, మళ్ళీ తిప్పుకునేది.

వరి పొట్ట మీదుండి ఇంకా కంకి బయటపడని రోజులు. చినుకు పడి వెలిసింది, మట్టివాసన, ఎవరింట్లోనో ఎండు చేప కాలుస్తున్నారు. నాకు ఆ వాసన తెలిసింది. ఇన్నాళ్ళూ వాసనలు కూడా తెలియలేదన్న సంగతి అప్పుడు తట్టింది. తల ఎత్తాను. ఎదురుగా అత్త రాట్నం కదురు మీద పేరుకుపోయిన పోగు కనిపించింది. చూస్తూ ఉన్నాను. లోపలెక్కడో చక్కిలిగింతలాంటిది కదిలింది.

"అత్తా" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినపడింది. "అది నూలేటి? మోకులాగున్నాది. తాడిచెట్టెక్కొచ్చు."

రాట్నం ఆగింది. అత్త నా వైపు తిరగలేదు.  ఒక్క ఉదుటున లేచి, వీధి మధ్యలోకి వెళ్ళి నిలబడి అరిచింది.

"ఓలమ్మో! రండే! ఇది నన్ను తిట్టింది! నా నూలు మోకులాగున్నాదంట! తాడిచెట్టెక్కొచ్చునంట! తిట్టిందే నన్ను!"

ఏడుస్తోంది, నవ్వుతోంది, ముక్కు చీదుకుంటోంది. అమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. నాయనమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. పొలం నుంచి వస్తున్న నాన్న భుజం మీద పార అలాగే ఉంచుకుని, అన్ని నెలల తర్వాత మొదటిసారి, "ఏటయిందప్పా?" అని అక్కని పలకరించాడు. అత్త నా వైపు చెయ్యి చూపించింది.

వెనక్కొచ్చి నా పక్కన కూలబడింది. నడుము దగ్గర చీర ముడి విప్పి, అందులోంచి ఎర్రదారం చుట్టిన నా దవడ తీసి నా ఒళ్ళో పెట్టింది. అన్ని నెలలూ దాన్ని ఒంటి మీదే ఉంచుకుని తిరిగిందన్నమాట.

"ఇంద. నీది నీ దగ్గరుంచుకో. మళ్ళీ ఎవలికైనా ఇచ్చావంటే కాళ్ళిరగ్గొడతాను" అంది.

చేతిలోకి తీసుకున్నాను. అలవాటు కొద్దీ పళ్ళ మీద వేలు రాశాను. చివర రెండు పళ్ళు విరిగిపోయి ఉన్నాయి.

"పళ్ళిరగ్గొట్టేసినావు!" అన్నాను.

"నానేటి ఇరగ్గొట్టలేదు. నీదే పుచ్చు దవడ."

"నీ నడుం కింద నలిగిపోయింది! ఇంతలావు నడుం!"

"ఒసే గుంటా, ఏటన్నావే?"

ఆ రోజు దీపాలు పెట్టేదాకా ఆ రెండు పళ్ళ మీదే తగువాడుకున్నాం. ఎవరూ మమ్మల్ని ఆపలేదు.